సరిహద్దు కాలేజీ నుంచి హ్యాకథాన్‌కు: సమస్య పట్టుకోవడం దగ్గర్నుంచి డెమో దాకా

బరంపురంలోనో, గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో చదువుతూ, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడే మీకోసం ఇది రాస్తున్నాను. హ్యాకథాన్ అంటే జట్టుగా కూర్చుని, ఇచ్చిన గడువులోగా ఒక సమస్యకు పరిష్కారం తయారుచేసి చూపించే పోటీ. అది భువనేశ్వర్, హైదరాబాద్ పిల్లల వ్యవహారమనుకుని పోస్టర్ చూసి ముందుకు నడిచిపోయేవాళ్లు మన వైపు చాలామంది. అలా వెళ్లిపోకండి. భాష మారడం వల్ల, రాష్ట్రం మారడం వల్ల రోజూ ఆగిపోయే పనులు మీ కళ్లముందే ఉన్నాయి. ఆ మనుషులతో వాళ్ల భాషలో మాట్లాడగలిగేది మీరే. పెద్ద నగరం పిల్లలు ఆ సమస్యల్ని వెబ్‌సైట్లలో వెతుక్కోవాలి, మీరు నడిచి వెళ్లి చూడొచ్చు. సిరొంచ, చంద్రపూర్ వైపు చదివేవాళ్లకూ ఇదంతా పనికొస్తుంది, ఒడియా అన్నచోట మరాఠీ అనుకుంటే చాలు.

ముందు ఇంట గెలవండి

కాలేజీ విద్యార్థులకు అన్నిటికంటే పెద్దది స్మార్ట్ ఇండియా హ్యాకథాన్. 2017లో మొదలైంది. కేంద్ర విద్యాశాఖ ఇన్నోవేషన్ సెల్, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నడుపుతాయి. మంత్రిత్వ శాఖలు, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ సమస్యలు ఇస్తాయి, వాటిలో ఒకటి మీరు ఎంచుకోవాలి. జట్టుకు 6 మంది, అందరూ ఒకే కాలేజీవాళ్లు, వాళ్లలో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. సాఫ్ట్‌వేర్ విభాగం ఫైనల్ 36 గంటలు ఏకబిగిన సాగుతుంది. హార్డ్‌వేర్ విభాగానికి 5 రోజులు.

దీనికి మీరు నేరుగా దరఖాస్తు పెట్టలేరు. ముందు కాలేజీలో ఇంటర్నల్ హ్యాకథాన్ జరగాలి, అందులో నెగ్గిన జట్ల పేర్లు కాలేజీ తరఫున ఎస్‌పీఓసీ అనే అధ్యాపకులు పంపాలి. కాబట్టి మీ మొదటి పని మీ కాలేజీలో ఆ ఎస్‌పీఓసీ ఎవరో కనుక్కుని వెళ్లి కలవడం. నోటీసు బోర్డు మీదికి వచ్చేదాకా ఆగితే సమస్య ఎంచుకోవడానికి మీకు మిగిలే రోజులు చాలా తక్కువ. సార్ ఖాళీగా లేరంటే మళ్లీ వెళ్లండి. "మేం జట్టు కట్టుకున్నాం, ఈ ఏడాది ఇంటర్నల్ ఎప్పుడు పెడుతున్నారు సార్?" అని పిల్లలు అడిగితే కాలేజీ కూడా కదులుతుంది.

మీ కాలేజీ ఇంటర్నల్ పెట్టకపోయినా దారులున్నాయి. నాసా స్పేస్ యాప్స్ ఛాలెంజ్ 2012 నుంచి నడుస్తోంది, ఈ మధ్య ఏటా అక్టోబరులో ఒక వారాంతం జరుగుతోంది. ఫీజు లేదు, ఇంట్లో కూర్చుని కూడా పాల్గొనొచ్చు. అన్‌స్టాప్, డెవ్‌ఫోలియో లాంటి వేదికల మీద ఏడాది పొడుగునా చిన్నవి, పెద్దవి కనిపిస్తూనే ఉంటాయి. మొదటిసారికి దగ్గర్లో జరిగేదే ఎంచుకోండి. పక్క కాలేజీలో ఒక్కరోజు జరిగే పోటీ అయినా సరే, గడువు తరుముతుంటే జట్టు ఎలా ప్రవర్తిస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

జట్టులో ఎవరెవరు

ఆరుగురూ కోడ్ రాసేవాళ్లే అయితే ఆ జట్టు నడవదు. వెనక డేటాబేస్, సర్వర్ చూసేవాళ్లు ఇద్దరు, తెర మీద కనిపించేది చేసేవాళ్లు ఒకరిద్దరు చాలు. ఇంకొకరు బజారుకు, ఆసుపత్రికి, పొలానికి వెళ్లి కొత్తవాళ్ల పక్కన కూర్చుని మాట కలపగలిగినవాళ్లు కావాలి. ఈ చివరి మనిషి మార్కుల్లో వెనకపడ్డ స్నేహితుడే కావచ్చు. వదులుకోకండి.

నిబంధన ఉంది కదా అని చివర్లో ఒక అమ్మాయి పేరు చేర్చి, పీపీటీ అందంగా చేయడం ఒక్కటే ఆమెకు అప్పగించే జట్లున్నాయి. అది ఆ అమ్మాయికి అవమానం, జట్టుకు నష్టం. మన ఊళ్లలో ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో, డ్వాక్రా సంఘంలో నేరుగా మాట్లాడి అసలు విషయం రాబట్టగలిగేది చాలాసార్లు ఆమే. మొదటి రోజునుంచే పిలవండి.

మన పిల్లలకు ప్రత్యేకమైన సంగతి ఇంకొకటుంది. బరంపురంలో తెలుగు చక్కగా మాట్లాడుతూ, చదువు ఒడియా మీడియంలో సాగడం వల్ల తెలుగు అక్షరాలు రానివాళ్లు చాలామంది. మీ ప్రాజెక్టు తెర మీద తెలుగు కనిపించాలంటే, అది చదివి తప్పు పట్టగలిగే మనిషి ఒకరు అవసరం. జట్టులో లేకపోతే ఇచ్ఛాపురంలో చదువుకున్న మేనత్తనైనా అడగండి.

సమస్య: ల్యాప్‌టాప్ మూసి బయటికి నడవండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. జాబితాలో ఉన్న సమస్య పెద్దగా, పొడిగా ఉంటుంది: "గ్రామీణ ప్రాంతాల్లో ఆరోగ్య సేవలు అందుబాటులోకి తేవడం" అన్నట్టుగా. దాన్ని మీకు తెలిసిన ఒక్క చోటికి, ఒక్క మనిషి దగ్గరికి దించాలి. ఎలాగో ఒక ఉదాహరణతో చెప్తాను.

బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా జనం వస్తారు. డాక్టరు చీటీ మీద 1-0-1 అని రాస్తారు, అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. మందుల షాపులో కుర్రాడు ఒడియాలో చెప్తాడు, పెద్దావిడ తలూపుతుంది, ఇంటికెళ్లాక పక్కింటివాళ్లను అడుగుతుంది. దీని మీద పనిచేద్దామనుకుంటే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న జట్టుకు మొదట తట్టేది ఒకటే: మాత్రల స్ట్రిప్పును ఫోన్‌తో ఫొటో తీస్తే పేరు చదివి తెలుగులో చెప్పే యాప్.

ఇప్పుడు షాపు కౌంటర్ పక్కన అరగంట నిలబడి చూడండి. పది మాత్రల స్ట్రిప్పులోంచి కత్తెరతో ఆరు కత్తిరించి ఇస్తారు. మందు పేరు ఒక ముక్కలో ఉంటుంది, గడువు తేదీ ఇంకో ముక్కలో షాపులోనే ఉండిపోతుంది. పెద్దావిడ చేతికి వచ్చిన ముక్క మీద ఉన్నవి సగం సగం అక్షరాలు. మీ కెమెరా దాంట్లో ఏం చదువుతుంది? ఆ ముక్కను చిన్న కాగితం కవర్లో వేసి, కవర్ మీద బాల్‌పెన్‌తో గీతలు గీసి ఇస్తాడు. మీరు పనిచేయాల్సిన చోటు ఆ కవరే. షాపులో కుర్రాడు మూడే మూడు నొక్కులతో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, తిండికి ముందా తర్వాతా, ఎన్ని రోజులు అన్నది ఎంచుకుంటే కవర్ మీద అంటించే క్యూఆర్ చీటీ రావాలి. ఇంట్లో మనవడు స్కాన్ చేస్తే ఫోన్ తెలుగులో చెప్పాలి. స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి అదే మాట ఫోన్ కాల్‌గా వెళ్లాలి. కౌంటర్ దగ్గర జనం తోసుకుంటుంటే నాలుగో నొక్కుకు అతనికి తీరిక ఉండదన్నదీ అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

ఇలాంటి ప్రాజెక్టులో ఒక హద్దు గట్టిగా పెట్టుకోండి. మోతాదు ఎంతో మెషీన్ ఊహించి చెప్పకూడదు. చీటీ చూసి మనిషి నిర్ధారించినదాన్ని మాత్రమే అది పలకాలి. నమూనాల కోసం చీటీల ఫొటోలు తీసుకుంటే రోగి పేరు, నంబరు కనపడకుండా కప్పి, వాళ్లను అడిగి తీయండి. దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, జడ్జీలు దీన్ని అడుగుతున్నారు. చట్టం లేకపోయినా రోగి ఫొటో రోగిదే.

మనుషులతో మాట్లాడేటప్పుడు "ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?" అని అడగకండి. మొహమాటానికి అందరూ వాడతామనే అంటారు. "పోయినసారి ఈ ఇబ్బంది వచ్చినప్పుడు ఏం చేశారు?" అని అడగండి. వాళ్లు చెప్పే ఆ పాత ఉపాయమే మీ యాప్‌కు పోటీ. దానికంటే తేలికగా ఉంటేనే మీది వాడతారు.

ఇంకా చూడదగ్గవి మన చుట్టూ చాలా ఉన్నాయి. గోపాల్‌పూర్ ఒడ్డున తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలున్నాయి. సముద్రం పరిస్థితి, చేపలు దొరికే చోట్ల గురించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర సముద్ర సమాచార సంస్థ సూచనలు ఇస్తుంది. అవి ఆ ఇంటికి ఏ భాషలో, ఎవరి ద్వారా చేరుతున్నాయో వెళ్లి అడగండి. వంశధార గుణుపురం, కాశీనగరం మీదుగా వచ్చి హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ చేరుతుంది. ఎగువన నీరు పెరిగిన కబురు దిగువ ఊరికి ఎంత ముందు అందుతోంది? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి ఎవరికి ఏ హెచ్చరిక అందిందో చెప్పగలిగే పెద్దలు ఇంకా ఊళ్లలోనే ఉన్నారు. గంజాంలో మొగలిపువ్వు తెల్లవారుజామునే కోసి అత్తరు తీసే బట్టీకి చేర్చాలి, ఆలస్యమైతే వాసన పోతుంది. ఆ రోజు రేటు ఎంతో కోసేవాళ్లకు ఎప్పుడు తెలుస్తోంది? వీటిలో దేనికైనా మీ ఊళ్లో ఒక మనిషి దొరికితే చాలు.

ఐడియా పీపీటీ

స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ తన టెంప్లేట్ తనే ఇస్తుంది. దాన్ని మార్చకండి, స్లైడ్లు పెంచకండి. బ్లాక్‌చెయిన్, ఏఐ, ఐఓటీ అన్నీ ఒకే బొమ్మలో గుచ్చి అరచేతిలో వైకుంఠం చూపించే పీపీటీలు జడ్జీల ముందుకు కుప్పలుగా వస్తాయి. మీది అలా ఉండొద్దు. సమస్య ఎవరిదో ఒక్క వాక్యంలో రాయండి. మీరు కౌంటర్ దగ్గర చూసింది రెండు వాక్యాల్లో రాయండి. సమాచారం ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్తుందో ఒక బొమ్మ గీయండి. ఇప్పటికే ఉన్న యాప్‌లు ఏవి, అవి మీ మనిషికి ఎందుకు సరిపోలేదో తప్పకుండా చెప్పండి. అది రాయని జట్టు ఏమీ వెతకలేదని జడ్జీకి ఇట్టే తెలిసిపోతుంది.

బయల్దేరే ముందు

నిబంధనలు రెండుసార్లు చదవండి. ముందే రాసుకున్న కోడ్ తేవచ్చా, అక్కడే మొదలుపెట్టాలా అన్నది పోటీని బట్టి మారుతుంది. కోడ్ తేకూడదన్నచోట కూడా సాధన చేసుకుని వెళ్లడానికి అడ్డు లేదు. అందరి కోడ్‌ను ఒకచోట కలిపి ఉంచే గిట్‌లో బ్రాంచ్ తీయడం, కలపడం, ఇద్దరు మార్చడంతో గొడవపడ్డ ఫైలు సరిచేయడం అందరూ ఇంట్లోనే నేర్చుకోవాలి. పోటీ మధ్యలో పెన్‌డ్రైవ్‌లో కోడ్ పంచుకునే జట్టు రెండో రోజుకు ఏ ఫైలు కొత్తదో తెలియక తలపట్టుకుంటుంది. బయటి సేవలు వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు, అంటే ఏపీఐ కీలు, ఎన్వ్ (.env) ఫైలులో పెట్టి, అది గిట్‌హబ్‌కు వెళ్లకుండా ఇగ్నోర్ జాబితాలో చేర్చడం మరవొద్దు.

రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఫోన్ ఛార్జర్లు, మందులు, దుప్పటి తీసుకెళ్లండి. కావాల్సిన లైబ్రరీలు, మోడళ్లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వందలమంది ఒకే వైఫై మీద పడితే అక్కడ ఏదీ దిగదు. ఫైనల్ కేంద్రం దేశంలో ఎక్కడైనా పడొచ్చు. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లు దూరపు రైలు కోసం పలాసకో బరంపురానికో రావాల్సి ఉంటుంది కాబట్టి ఆ కలుపుబండి సమయం కూడా చూసుకుని టికెట్ తీయండి. ఆఖరి నిమిషంలో అయితే తత్కాల్ ఉంది: ప్రయాణానికి ముందురోజు ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుస్తారు. టికెట్లు దాచండి, ఛార్జీలు తిరిగిచ్చే పోటీలున్నాయి. అక్టోబరు అయితే తుపాను కబురు చూసుకుని ఒకరోజు ముందే బయల్దేరండి.

ఆ 36 గంటలు

మొదటి నాలుగైదు గంటల్లో ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక సన్న దారి పడాలి. మన ఉదాహరణలో అయితే బటన్ నొక్కితే క్యూఆర్ రావాలి, స్కాన్ చేస్తే ఒక్క తెలుగు వాక్యం వినపడాలి. ఆ వాక్యం ముందే రాసిపెట్టిందైనా పర్వాలేదు. లాగిన్, రంగులు, అడ్మిన్ ప్యానెల్ అన్నీ తర్వాత. ముక్కలు ఎవరికివారు చేసుకుని చివర్లో కలుపుదామనుకున్న జట్లు కలపడంలోనే ఆగిపోతాయి.

భాష దగ్గర ఎదురయ్యేవి ముందే చెప్తున్నాను, ఎందుకంటే వీటి గురించి ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో ఉండదు. పైథాన్‌తోనో జావాస్క్రిప్ట్‌తోనో నేరుగా పీడీఎఫ్ తయారుచేసే చాలా లైబ్రరీలు మన లిపిని సరిగా పేర్చలేవు. "మాత్ర"లో రావత్తు విడిపోయి పక్కన కూర్చుంటుంది, ఒడియాలో కూడా అంతే. నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా ఫాంట్లతో మామూలు వెబ్‌పేజీ చేసి, బ్రౌజర్ నుంచే పీడీఎఫ్‌గా ప్రింట్ తీయండి. సరిగా వస్తుంది. 1-0-1ని అలాగే రాతను చదివి వినిపించే గొంతు మోడల్‌కు ఇస్తే "ఒకటి సున్నా ఒకటి" అని చదువుతుంది. ముందు దాన్ని "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అనే మాటగా మార్చి అప్పుడు ఇవ్వండి. తెలుగు, ఒడియా రెంటికీ కేంద్రం 2022లో ప్రారంభించిన భాషా సేవల వేదిక భాషిణి ఉంది, ఐఐటీ మద్రాసు నుంచి వచ్చిన ఏఐ4భారత్ మోడళ్లూ ఉన్నాయి. సవర మాట్లాడే ఊరి కోసం చేస్తుంటే, కావాల్సిన ఇరవై ముప్పై వాక్యాలు ఆ ఊరి మనిషి గొంతులో రికార్డు చేసి పెట్టుకోండి. పరిమితమైన మాటలతో నడిచే పనికి మెషీన్ గొంతుకంటే అదే నమ్మకం.

హార్డ్‌వేర్ జట్లకు: వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులకే చేసినవి. నీటిమట్టం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ ఎకో పిన్ను నుంచి 5 వోల్టులు వస్తాయి. మధ్యలో రెండు రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించండి. వైఫై నడుస్తున్నప్పుడు ఆ బోర్డులో వోల్టేజీని అంకెగా చదివే పిన్నుల్లో ఏడీసీ2 గుంపువాటి రీడింగులు రావు, ఏడీసీ1 పిన్నులే వాడండి. ఎస్ఎంఎస్ పంపడానికి సిమ్800ఎల్ పెడితే అది సందేశం పంపే క్షణంలో దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి కరెంటు ఇస్తే మళ్లీమళ్లీ రీస్టార్ట్ అవుతుంటుంది. పైగా అది 2జీ మాడ్యూల్, అందులో జియో సిమ్ పనిచేయదు.

చాట్‌జీపీటీతోనో కోపైలట్‌తోనో కోడ్ రాయించుకోవడం ఇప్పుడు అందరూ చేస్తున్నదే. నిబంధన ఒప్పుకుంటే వాడండి, కానీ అర్థం కాని లైను ఒక్కటీ ఉంచకండి. "ఈ ఫంక్షన్ ఏం చేస్తోంది?" అని జడ్జి వేలు పెట్టి అడిగితే రాసిన మనిషే చెప్పాలి.

మధ్యలో మెంటర్లు వస్తారు. వాళ్లు చెప్పింది వాదించకుండా రాసుకోండి. తర్వాతి రౌండులో "పోయినసారి చెప్పినదాంట్లో ఏం మార్చారు?" అన్నదే మొదటి ప్రశ్న కావచ్చు. ఒప్పుకోనిది ఉంటే ఎందుకు మార్చలేదో కారణంతో చెప్పండి, దానికి విలువ ఇస్తారు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నిద్రపోండి. డెమో చెప్పే మనిషి మాత్రం డెమోకు ముందు రాత్రి తప్పకుండా నిద్రపోవాలి. చివరి ఆరు గంటల్లో కొత్త ఫీచరు ముట్టుకోవద్దు, ఉన్నవాటిలో తప్పులు సరిచేయడమే పని.

డెమో

మీకిచ్చేది కొద్ది నిమిషాలే. పరిచయాలతో వృథా చేయకుండా ఆ కత్తిరించిన స్ట్రిప్పు ముక్క, కాగితం కవరు జడ్జి చేతిలో పెట్టండి. "ఇది ఏ మందో చెప్పగలరా సార్?" అని అడగండి. తర్వాత మీ పరిష్కారం నడిపి చూపించండి. స్లైడ్లు ఆ తర్వాత. ఉచిత హోస్టింగ్ కాసేపు ఎవరూ వాడకపోతే నిద్రలోకి వెళ్తుంది, లేవడానికి నిమిషం దాకా పడుతుంది. మీ వంతుకు ముందే తెరిచి ఉంచండి. అంతా నడుస్తున్నప్పుడు తీసిన వీడియో ఒకటి ఫోన్లో దాచుకోండి. నెట్ పోతే అదే మిమ్మల్ని కాపాడుతుంది.

ఇంగ్లీషు ధారాళంగా రాదని వెనక్కి తగ్గకండి. చిన్న వాక్యాలు చాలు, హిందీ కలిసినా పర్వాలేదు. తెలుగులో వినపడేదాన్ని జడ్జికి అర్థం చెప్పే బాధ్యత ఒకరు తీసుకోండి. అడగబోయేవి దాదాపు ఇవే: తప్పు చెప్తే ఎవరికి నష్టం, నెట్ లేకపోతే ఏమవుతుంది, దీని ఖర్చు ఎవరు భరిస్తారు, షాపువాడు ఎందుకు ఒప్పుకుంటాడు. ఆఖరి ప్రశ్నకు జవాబు మీరు ఆ షాపులో నిలబడ్డప్పుడే దొరికి ఉండాలి. తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, ఎలా తెలుసుకుంటారో చెప్పండి.

ఇంటికొచ్చాక

బహుమతి వచ్చినా రాకపోయినా వారంలోపు గిట్‌హబ్‌లో రీడ్‌మీ రాయండి: సమస్య ఏంటి, ఎలా నడపాలి, ఎవరు ఏ భాగం చేశారు, ఏది ఇంకా పనిచేయడం లేదు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే దీన్ని చూసే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. జడ్జీలు, మెంటర్లు ఇచ్చిన సలహాలు మరిచిపోకముందే అందులోనే ఒక చోట పెట్టండి.

తర్వాత మీరు మొదట నిలబడ్డ షాపుకే వెళ్లండి. జనం తక్కువుండే మధ్యాహ్నం వేళ ఒక్క గంట నడిపి చూస్తామని అడగండి. మీరు బటన్లు నొక్కకుండా పక్కన నిలబడి, ఆ కుర్రాడి వేలు ఎక్కడ ఆగుతోందో రాసుకోండి. మీ దగ్గర సమయం మూడే నెలలుంటే ఒప్పుకున్న ఆ ఒక్క షాపులోనే నడపండి. రెండో సంవత్సరం పిల్లల్ని ఇద్దరిని వెంట తీసుకెళ్లండి, వచ్చే ఏడు ఇంటర్నల్‌కు జట్టు వాళ్లే కట్టాలి.